ఎక్సాన్‌మొబిల్ బలం ఎక్కడుంది? అపోహలు - వాస్తవాలు

చమురు ఒప్పందాల లెక్కలు చూడటం నా వృత్తి. ఆ మాట తెలిస్తే చాలు, పెళ్లిళ్లలో బంధువులు భోజనాల బల్ల దగ్గరే పట్టుకుని అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ గురించి అడుగుతారు.

అపోహ: పెట్రోలు ధర వాళ్ల చేతిలోనే ఉంది.

వాస్తవం: లేదు. ప్రపంచం రోజుకు సుమారు పది కోట్ల పీపాలు వాడుతుంటే, ఆ కంపెనీ తీసేది అందులో మూడు శాతం, కాస్త అటూ ఇటూగా. ధరను కదిలించే కుళాయి సౌదీ అరేబియాలో ఉంది.

అపోహ: అమెరికా ప్రభుత్వం వాళ్లు ఆడించినట్టు ఆడుతుంది.

వాస్తవం: కంపెనీ అధిపతిగా చేసిన రెక్స్ టిల్లర్సన్ 2017 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి అయ్యారు. ఇక రష్యాలో తవ్వకాలకు దారి తెరుచుకున్నట్టే అనుకున్నారు చాలామంది. ఏప్రిల్‌లోనే అమెరికా ఆర్థిక శాఖ, రష్యాపై ఉన్న ఆంక్షల నుంచి కంపెనీకి మినహాయింపు ఇచ్చేది లేదని తేల్చేసింది. 2022లో రష్యాలోని చమురు ప్రాజెక్టు సఖాలిన్-1లో ఉన్న 30 శాతం వాటా కూడా చేజారింది. అక్కడే 20 శాతం ఉన్న మన ఓఎన్‌జీసీ విదేశ్ మాత్రం నిలబడింది.

అపోహ: చిన్న దేశాలను లొంగదీసుకునేది కుట్రలతోనే.

వాస్తవం: కుట్రతో పనేముంది, ఒప్పందం ఉండగా! దక్షిణ అమెరికాలోని చిన్న దేశం గయానా సముద్రంలో 2015లో చమురు నిల్వలు బయటపడ్డాయి. 2016లో, అంటే నిధి కళ్లబడ్డాక, ఆ దేశం కంపెనీతో కొత్త ఒప్పందం చేసుకుంది. నాకు మింగుడుపడనిది ఇదే.

వంద పీపాలు వచ్చాయనుకోండి. ఖర్చుల కింద 75 వరకు ఎక్సాన్‌మొబిల్, దాని భాగస్వామి కంపెనీలు తీసుకోవచ్చు. మిగిలిన 25లో సగం, పన్నెండున్నర, గయానాకు. రాయల్టీ, అంటే తీసిన చమురుపై దేశానికి నేరుగా దక్కే వాటా, మరో రెండు. మొత్తం పద్నాలుగున్నర. పైగా కంపెనీల ఆదాయపు పన్నునూ ప్రభుత్వమే తన వాటాలోంచి కట్టినట్టు లెక్క. తర్వాత చట్టం మార్చి కంపెనీకి నష్టం తెస్తే, ఆ లోటూ ప్రభుత్వమే పూడ్చాలి. ఈ చివరి షరతును మా పనిలో కొత్తగా చేరినవాళ్లు గబగబా దాటేస్తుంటారు. నేను మొదట వెతికేది దాన్నే.

2023లో గయానా కొత్త బ్లాకులకు, అంటే తవ్వకాలకు కేటాయించే సముద్ర భాగాలకు, రాయల్టీని 10 శాతానికి పెంచింది, ఖర్చుల పరిమితిని 65కు తగ్గించింది. 2016 ఒప్పందం కింద ఉన్న బ్లాకుకు మాత్రం పాత లెక్కే.