గురక ఆగిన ఆ కాసేపు

ఎండాకాలం మిర్యాలగూడలో డాబాల మీద పడుకుంటే వాడకట్టు వాడకట్టంతా ఒకరి గురక ఒకరికి వినబడేది. బియ్యం లోడుతో కాకినాడ పోయొచ్చిన రాత్రి మా పెదనాయిన గురకైతే మరీనూ. "కష్టం చేసినోనికి నిద్ర గట్టిగ పడ్తది" అనేది పెద్దమ్మ. ఉన్నట్టుండి ఆ గురక ఆగేది. పొట్ట, ఛాతీ ఎగిరిపడుతూనే ఉండేవి, గాలి మాత్రం లోపలికి పోయేది కాదు. తర్వాత ఒక్కసారిగా గొర్రుమని ఊపిరి అందుకునేవాడు. అది జబ్బని మాలో ఎవరికీ తట్టలేదు.

వైద్యులకూ ఆలస్యంగానే తట్టింది. నిద్రలో ఊపిరి ఇలా ఆగడాన్ని ఫ్రాన్స్, జర్మనీ పరిశోధకులు వేర్వేరుగా యంత్రాల మీద నమోదు చేసింది 1965లో. 1976లో స్టాన్‌ఫర్డ్ బృందం 'స్లీప్ ఆప్నియా సిండ్రోమ్' అని పేరు పెట్టింది. పెద్దవాళ్లలో 10 సెకన్లు, ఆపైన శ్వాస ఆగితే ఆప్నియా. 1981లో సిడ్నీలో కొలిన్ సలివాన్ ముక్కుకు మాస్కు పెట్టి, గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా ఆపాడు. అదే సీప్యాప్. అప్పటిదాకా అందరి చూపూ గొంతు మీదే.

మరి ఈ రోగులకే బీపీ, గుండెజబ్బు ఎందుకు ఎక్కువ? చూపు నెత్తురు వైపు మళ్లింది. 1997లో వీరి రక్తంలో టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 అనే ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో లోలోపల రాజుకునే మంట) రసాయనాలు ఎక్కువగా కనిపించాయి. లావు వల్లేమోనన్న అనుమానం సహజం. 2002లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు వయసులోనూ బరువులోనూ సరితూగేవారితో పోల్చారు. అయినా ఆ మంటకు గుర్తుగా రక్తంలో పెరిగే సీఆర్‌పీ అనే ప్రొటీన్ ఆప్నియా ఉన్నవారిలోనే ఎక్కువ.

కారణం ఆక్సిజన్ పడిపోవడం ఒక్కటే కాదు, పడి లేవడం. కమ్మరి కొలిమిలో తిత్తి ఒత్తినప్పుడల్లా బొగ్గు ఎర్రబడ్డట్టు, ఆక్సిజన్ తగ్గి మళ్లీ ఒక్కసారిగా వచ్చినప్పుడల్లా కణాల్లో ఆ మంటను రేపే ఎన్ఎఫ్-కప్పా-బి అనే మీట పడుతుంది. డబ్లిన్ పరిశోధకులు 2005లో దీన్ని కణాల మీదే చూపించారు. తీవ్రమైన ఆప్నియా అంటే గంటకు 30 సార్లు, అంతకు మించి ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో. రక్తనాళాల లోపొర ఎన్నేళ్లని ఓర్చుకుంటుంది?

అయితే మాస్కు పెట్టగానే ఆ మంట ఆరుతుందా అంటే, కథ అంత తిన్నగా లేదు. 2014 నాటి ఒక పరీక్షలో బరువు తగ్గినవారిలో సీఆర్‌పీ దిగింది, సీప్యాప్ ఒక్కటే వాడినవారిలో దిగలేదు. 2016లో 2,700 మందికి పైగా పాల్గొన్న సేవ్ అధ్యయనంలోనూ మాస్కుతో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. కానీ వాళ్లు రాత్రికి సగటున 3.3 గంటలే దాన్ని పెట్టుకున్నారు. పగటి కునుకుపాట్లు మాత్రం తగ్గాయి. రాత్రంతా స్టీరింగ్ పట్టే మనిషికి అదేం చిన్న సంగతి కాదు. కొవ్వు, ఆప్నియా ఒకదాన్నొకటి ఎగదోస్తాయి కాబట్టి మాస్కుతోపాటు పొట్టనూ పట్టించుకోవాలన్నదే నా అభిప్రాయం.

పెదనాయినకు బీపీ గోళీలు రాశారు, నిద్ర సంగతి ఎవరూ అడగలేదు. ఇప్పుడు అదే రూట్లో మా అన్న లారీ నడుపుతున్నాడు. మొన్న వదిన అతను నిద్రపోతుండగా ఫోన్‌లో వీడియో తీసి నాకు పంపింది. 38వ సెకను దగ్గర గురక ఆగింది. మళ్లీ ఊపిరి వినబడింది 59 దగ్గర. డాక్టరుకు ముందు అదే చూపించమన్నాను.