గీజర్ మార్చే ముందు: నల్గొండ ఇళ్లలో నేను వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

నల్గొండలో గీజర్ల మరమ్మతు పని మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. కార్తీకం చలి మొదలైతే చాలు, ఫోను మోగుతూనే ఉంటుంది. "గీజర్ పాడైందండీ, కొత్తది ఏది కొనమంటారు?" అని అడిగేవాళ్లే ఎక్కువ. తీరా వెళ్లి విప్పి చూస్తే చాలాసార్లు కొనాల్సిన అవసరమే ఉండదు.

అపోహ: నీళ్లు వేడెక్కడం లేదంటే గీజర్ పని అయిపోయినట్టే.

నీళ్లు వేడి చేసే కాయిల్, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే కటౌట్ మూడూ విడిగా దొరుకుతాయి. అవి మార్చుకుంటే సరిపోతుంది. లోపలి ట్యాంకుకే చిల్లు పడి, కింది మూత అంచు నుంచి తుప్పురంగు నీళ్లు కారుతుంటే మాత్రం ఇక ఖర్చు పెట్టకండి, మార్చేయండి. వెల్డింగ్ చేయిస్తే లోపలి గాజు పూత కాలిపోయి, నెలలు తిరగకుండానే పక్కన ఇంకో చిల్లు పడుతుంది.

మొన్న దేవరకొండ రోడ్డులో ఒక ఇంట్లో కింది మూత విప్పగానే తెల్లటి పెచ్చులు బకెట్‌లోకి జలజలా రాలాయి. చిటికెన వేలంత సన్నగా ఉండాల్సిన కాయిల్ మొక్కజొన్న కంకిలా తయారై ఉంది. ఆ పొర దాటి వేడి నీళ్లకు చేరదు. కాయిల్ తన వేడికి తానే కాలిపోతుంది. ఆ ఇంట్లో వంటకు మిషన్ భగీరథ కుళాయి నీళ్లు, స్నానానికి బోరు నీళ్లు. మన దగ్గర చాలా ఇళ్లలో ఇదే పద్ధతి.

అపోహ: ఇదంతా ఫ్లోరైడ్ వల్లే.

మన జిల్లా పేరుతో ఫ్లోరైడ్ ఎంతగా ముడిపడిపోయిందంటే, నీటితో ఏ ఇబ్బంది వచ్చినా దాని మీదికే నెట్టేస్తాం. గీజర్‌లో పేరుకునేది ప్రధానంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీటిలో కరిగి ఉన్న బైకార్బనేట్లు వేడికి విడిపోయి సుద్దగా మారి కాయిల్‌కు అంటుకుంటాయి. వేడి ఎంత పెంచితే అంత తొందరగా పేరుకుంటుంది. అందుకే థర్మోస్టాట్‌ను చివరిదాకా తిప్పవద్దని, 60 డిగ్రీల దగ్గర ఆపమని ప్రతి ఇంట్లో చెప్తాను.

ఇంతకంటే ప్రమాదకరమైన నమ్మకం ఇంకోటి ఉంది: బోరు నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని. పోదు. నీరు ఆవిరైపోయి మిగిలినదానిలో ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు. అందులో వాడేది పటిక, సున్నం. నీళ్లు కాచడంతో దానికి సంబంధం లేదు. గీజర్ నీళ్లు తాగడానికీ వంటకూ వాడకండి.

అపోహ: సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడితే అది లీకేజీ, మూసేయాలి.

ఈ ఒక్కదాని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. వేడెక్కితే నీళ్లు వ్యాకోచిస్తాయి. 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి తెస్తే దాదాపు 200 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసు నీళ్లు పెరుగుతాయి. వెనక్కి వెళ్లకుండా వాల్వ్ ఆపుతుంది. కుళాయి కట్టేసి ఉంటుంది. ఆ గ్లాసెడు నీళ్లు ఎటు పోవాలి? వాల్వ్ నుంచే చుక్కచుక్కగా బయటికి రావాలి. ఒక ఇంట్లో ఎవరో ఆ మూతికి సీలు ముద్ద గట్టిగా కూరి పెట్టారు. ఉబ్బిన ట్యాంకును నేను చేత్తో తడిమి చూశాను. అదే రోజు థర్మోస్టాట్ కూడా మొరాయించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. పక్కన పిల్లల గది ఉంది. వాల్వ్ మూతికి సన్నని పైపు తగిలించి మోరీ వైపు వదలండి. వేడెక్కనప్పుడు కూడా ధారగా కారుతుంటే వాల్వ్ మార్చండి, లేదా నీటి ఒత్తిడి చూడండి. మూయడం మాత్రం వద్దు.

అపోహ: పెద్దది కొంటే మంచిది.

60 డిగ్రీల 15 లీటర్లలో చన్నీళ్లు కలుపుకుంటే 40 డిగ్రీల నీళ్లు 35 లీటర్ల దాకా వస్తాయి, సుమారు రెండు బకెట్లు. ఒకరి తర్వాత ఒకరు బకెట్ స్నానం చేసే ఇంటికి ఇది చాలు. షవర్ కింద స్నానం చేస్తే, వెంటవెంటనే నలుగురు చేస్తే 25 లీటర్లు తీసుకోండి. అప్పటికప్పుడు నీళ్లు వేడి చేసే మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 13 ఆంపియర్లు లాగుతుంది. పాత ఇళ్లలో సన్నని వైరు మీద దాన్ని పెట్టవద్దు.

బోరు నీళ్లున్న ఇంటికి గాజు పూత ట్యాంకు, మెగ్నీషియం కడ్డీ ఉన్నది చూసుకోండి. ఆ కడ్డీ తాను కరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది. మన నీళ్లకు ఏడాదికోసారి తీసి చూడాలి. బక్కచిక్కి తీగలా మిగిలితే మార్చాలి. ఐఎస్‌ఐ గుర్తు, స్టార్ రేటింగ్ రెండూ చూడండి.

అపోహ: రోజంతా ఆన్‌లో ఉంచితే కరెంటు ఆదా.

కాదు. 15 లీటర్ల గీజర్ చల్లటి నీళ్లను వేడి చేయడానికి దాదాపు 0.6 యూనిట్ పడుతుంది, రెండు కిలోవాట్ల కాయిల్‌కు ఇరవై నిమిషాల పని. మిగతా సమయమంతా ట్యాంకు గోడల నుంచి పోయే వేడికి బిల్లు కడుతున్నట్టే. స్విచ్ కట్టేసి స్నానానికి వెళ్లండి. ఎర్తింగ్ పరీక్ష చేయించి కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించండి. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతుంది, దానిలో నీళ్లు పోస్తుండండి.

అపోహ: గ్యాస్ గీజర్ బాత్రూమ్‌లో పెట్టుకోవచ్చు, కిటికీ ఉంటే చాలు.

వద్దు. మంటకు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, కళ్లు మండవు. స్నానం చేస్తున్నవాళ్లు స్పృహ తప్పి పడిపోయేదాకా ఎవరికీ తెలియదు. గ్యాస్‌దే కావాలంటే బాత్రూమ్ బయట, గాలి ఆడే చోట పెట్టించి, పైపు ద్వారా వేడినీళ్లు లోపలికి తెచ్చుకోండి. ఇప్పటికే లోపల ఉంటే ఈ చలికాలం రాకముందే బయటికి మార్చండి.