కారులో జీపీఎస్: మా ఫిట్టింగ్ షాపులో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో కార్లకు స్టీరియోలు, కెమెరాలు, జీపీఎస్ యూనిట్లు బిగించడం నా పని. పదిహేడేళ్లుగా ఇదే. "అన్నా, జీపీఎస్ పని చేయట్లేదు" అని ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాను. బాణం గుర్తు తప్పు చోట ఉందా, బాణం సరిగ్గానే ఉండి దారి తప్పు చూపిస్తోందా, లేక అసలు మ్యాపే రావట్లేదా? చాలామందికి ఈ మూడూ ఒకటే జబ్బు. కానీ దేని మందు దానిదే. బాణం తప్పితే అది సిగ్నల్ సంగతి, అంటే యాంటెన్నా దగ్గరో వైరు దగ్గరో చూడాలి. దారి తప్పితే మ్యాపుది. తెర ఖాళీగా ఉంటే నెట్‌దో మెమరీ కార్డుదో. ఈ తేడా తెలియక నిక్షేపంలాంటి యూనిట్ పీకించి కొత్తది కొన్నవాళ్లను చూసి బాధనిపించి ఇది రాస్తున్నాను.

అపోహ: నెట్ లేకపోతే జీపీఎస్ పని చేయదు

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తాము ఎక్కడున్నాయో, అప్పుడు టైమెంతో ప్రసారం చేస్తుంటాయి. మన యూనిట్ రేడియోలాగా ఆ ప్రసారం వింటుంది, తిరిగి ఏమీ పంపదు. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే మనం ఎక్కడున్నామో, ఎంత ఎత్తున ఉన్నామో లెక్క కట్టేస్తుంది. దీనికి సిమ్ కార్డు అక్కర్లేదు, నెలనెలా కట్టేదీ ఏమీ లేదు. నెట్ కావాల్సింది మ్యాపు తెచ్చుకోవడానికి, ట్రాఫిక్ తెలుసుకోవడానికి.

శ్రీశైలం వెళ్లినప్పుడు గమనించండి. దోర్నాల దాటి నల్లమల ఘాట్ ఎక్కాక చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ పోతుంది. మ్యాపు ఖాళీ గళ్లుగా మారిపోతుంది, దాని మీద నీలం చుక్క మాత్రం కదులుతూనే ఉంటుంది. చుక్క కదులుతోందంటే జీపీఎస్ బాగానే ఉన్నట్టు. బయల్దేరే ముందు ఇంట్లోనే ఆ ప్రాంతపు ఆఫ్‌లైన్ మ్యాపు దించుకుంటే ఇబ్బందే ఉండదు. పనిలో పనిగా ఇంకో సంగతి. ఆ దారిలో అటవీశాఖ గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మ్యాపు ఎన్ని గంటల ప్రయాణమో చెబుతుంది గానీ గేటు సంగతి దానికి తెలుస్తుందని నమ్మకం పెట్టుకోకండి.

నెట్ ఉంటే ఒక లాభం మాత్రం ఉంది, లొకేషన్ తొందరగా పడుతుంది. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలు ఒకసారి చెప్పడానికి 30 సెకన్లు తీసుకుంటుంది. అన్ని ఉపగ్రహాల పట్టిక పూర్తిగా చెప్పాలంటే 12.5 నిమిషాలు. ఫోన్ ఇవన్నీ నెట్‌లో ముందే తెచ్చేసుకుంటుంది. విడి యూనిట్‌ను నెలల తరబడి వాడకుండా పెట్టి ఒక్కసారిగా ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు తడుముకుంటుంది. అది చెడిపోవడం కాదు. బండిని ఆరుబయట ఆపి, కదలకుండా ఉంచి ఆన్ చేయండి.

ట్రావెల్స్ ఓనర్లు ఒకమాట అడుగుతుంటారు, "మా బండికి గవర్నమెంట్ రూలు ప్రకారం ట్రాకర్ పెట్టించాం కదా, దారి కూడా అదే చూపిస్తుందా?" అని. చూపించదు. ఆ రూలు పేరు ఏఐఎస్-140, ఆ ట్రాకర్ పని మీ బండి ఎక్కడుందో సిమ్ ద్వారా బయటికి పంపడం. దారి చూపే యూనిట్ వేరు.

అపోహ: బాణం అటూఇటూ గెంతుతోందంటే యూనిట్ పోయినట్టే

పోయిన వేసవిలో గొల్లపూడి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. వేరేచోట ఆండ్రాయిడ్ స్టీరియో వేయించుకున్నారు. ప్రకాశం బ్యారేజీ దగ్గరికి రాగానే కారు నడి కృష్ణలో ఉన్నట్టు చూపిస్తోంది. "రెండుసార్లు సాఫ్ట్‌వేర్ వేశారు బాబూ, ఇప్పుడు బోర్డే మార్చాలంటున్నారు" అని ఆయన టెన్షన్. డ్యాష్‌బోర్డు విప్పాను. జీపీఎస్ యాంటెన్నా అంటే పెద్దదేమీ కాదు, అగ్గిపెట్టెంత నల్ల బిళ్ల, దానికో సన్న వైరు. అడుగున అయస్కాంతం ఉంటుంది. బిగించినవాళ్లు దాన్ని స్టీరియో వెనక వదిలేస్తే పైనున్న ఇనుప పట్టీకి తలకిందులుగా అతుక్కుని కూర్చుంది. బిళ్ల లోపల చిన్న పింగాణీ పలక ఉంటుంది, ఆకాశం వైపు చూడాల్సింది అదే. ఇక్కడ అది కాళ్లు పెట్టుకునే చోటు వైపు చూస్తోంది, నెత్తిన ఇనుము.

బిళ్లను పీకి, అద్దం కింద డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్‌కు లోపలివైపు, పలక పైకి వచ్చేలా డబుల్ టేపుతో అతికించాను. ప్లాస్టిక్ అడ్డున్నా సిగ్నల్‌కు ఇబ్బంది లేదు, ఇనుముతోనే పేచీ. ఉపగ్రహాల సిగ్నల్ బలం చూపే ఉచిత యాప్‌లు ఉంటాయి. అందులో అంతకుముందు ఏ ఉపగ్రహానిదీ 20 దాటలేదు, మార్చాక సగానికి పైగా 38, 40 చూపించాయి. మామూలుగా 35 దాటితే మంచి సిగ్నల్, 25 లోపు ఉంటే అనుమానించాలి. ఆయనకు అయింది అరగంట కూలీ, జానెడు టేపు.

యాంటెన్నా సరిగ్గానే ఉన్నా బాణం గెంతుతుంటే పక్కన ఏమున్నాయో చూడండి. నాసిరకం కారు చార్జర్లు, డ్యాష్‌క్యామ్‌లు పుట్టించే విద్యుత్ రొద జీపీఎస్ సిగ్నల్‌ను మింగేస్తుంది, ఎందుకంటే ఆ సిగ్నల్ ఇక్కడికి చేరేసరికే చాలా బలహీనంగా ఉంటుంది. పరీక్ష తేలిక. యాప్ చూస్తూ ఒక్కొక్కటే ప్లగ్ పీకండి. ఏది పీకగానే అంకెలు పెరిగాయో దొంగ అదే. డ్యాష్‌క్యామ్‌కీ యాంటెన్నాకీ మధ్య కనీసం జానెడు ఎడం ఉండాలని మా కుర్రాళ్లకు ఎప్పుడూ చెబుతాను. సన్ ఫిల్మ్‌లో లోహపు పూత ఉన్నా ఇదే గొడవ. కొన్ని కార్లకు ఎండ ఆపే పూతతో అద్దం కంపెనీ నుంచే వస్తుంది. అలాంటి అద్దాలకు వెనక చూసే అద్దం దగ్గర పూత లేని భాగం వదిలిపెడతారు, యాంటెన్నాకైనా ఫాస్టాగ్‌కైనా అదే చోటు.

అపోహ: ఖరీదైనది కొంటే ఫ్లైఓవర్ ఎక్కామో కింద ఉన్నామో చెబుతుంది

హైదరాబాద్ వైపు నుంచి వస్తూ కుమ్మరిపాలెం దగ్గర కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కండి, లేదా ఎక్కకుండా కిందనుంచి అమ్మవారి గుడివైపు వెళ్లండి. పైనుంచి చూస్తే రెండు రోడ్లూ దాదాపు ఒకదాని మీద ఒకటి. జీపీఎస్ ఎత్తు కూడా లెక్క కడుతుంది, నిజమే. కానీ ఎత్తు లెక్కలో తప్పు పక్కల తప్పు కంటే ఎక్కువ, ఫ్లైఓవర్ ఎత్తు ఆ తేడాలోనే కలిసిపోతుంది. పైగా కింది రోడ్డులో ఒకవైపు ఇంద్రకీలాద్రి, నెత్తిన ఫ్లైఓవర్ కాంక్రీటు. కనిపించే ఆకాశమే కొంచెం. వచ్చే సిగ్నల్ కూడా కొండకు, గోడలకు తగిలి చుట్టుతిరిగి వస్తుంది, దాంతో దూరం లెక్క తప్పుతుంది. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద, దాని కింద కూడా ఇదే తంతు.

గూగుల్ మ్యాప్స్ 2024 జూలైలో మన దేశంలో ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందే చెప్పే సదుపాయం తెచ్చింది. అది ముందు ఏం చేయాలో చెబుతుంది గానీ, తప్పు ఎక్కాక మీరు ఎక్కడున్నారో తేల్చడం దానికీ కష్టమే. కంపెనీ నుంచి కారుతోపాటు వచ్చే నావిగేషన్ మాత్రం కొన్నిటిలో మెరుగ్గా ఉంటుంది. అవి చక్రాల వేగాన్ని, బండి తిరిగే తీరును సెన్సర్ల ద్వారా చూసుకుంటాయి కాబట్టి సొరంగంలో సిగ్నల్ పోయినా బాణాన్ని నడిపించగలవు.

అపోహ: ఫోన్ ఉండగా యూనిట్ దండగ

ఊళ్లో తిరిగే సొంత కారుకు నేనూ ఇదే చెబుతాను. ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఉన్న స్టీరియో చాలు, ఫోన్ మ్యాపు పెద్ద తెర మీద కనిపిస్తుంది. రోజంతా రోడ్డు మీదుండే ట్రావెల్స్ బండికి, లారీకి లెక్క వేరు. ఎండలో అద్దానికి తగిలించిన ఫోన్ వేడెక్కి తెర వెలుతురు తగ్గించేస్తుంది, కాల్ వస్తే మలుపు మిస్సవుతుంది. పాత కార్లలో పాటల కోసం ఇచ్చిన యూఎస్‌బీ పోర్టు అర ఆంపియర్ మాత్రమే ఇస్తుంది. మ్యాపు నడుస్తుంటే చార్జింగ్ ఎక్కకపోగా తగ్గుతుంది. లారీవాళ్లు చార్జర్ కొనేటప్పుడు 12-24 వోల్టులని రాసి ఉందో లేదో చూసుకోవాలి. లారీ కరెంటు 24 వోల్టులు, 12 వోల్టులకే చేసిన కారు చార్జర్ గుచ్చితే కాలిపోతుంది.

ఆండ్రాయిడ్ స్టీరియో కొనేటప్పుడు పెట్టె మీద రాసిన మెమరీ అంకెలు చూసి డబ్బు పెట్టకండి. చౌకవాటిలో ఆ అంకెలు నిజం కానివి నా చేతుల మీదుగానే చాలా వెళ్లాయి. మ్యాపు తెరిచి, వేళ్లతో పెద్దది చిన్నది చేసి, పాటలు కూడా పెట్టి చూడండి. తడబడితే వదిలేయండి.

అపోహ: నావిక్ ఉంటే అంగుళం కూడా తేడా రాదు

నావిక్ అంటే జీపీఎస్ లాంటిదే, మన ఇస్రోది. మన ఇస్రో ఉపగ్రహాలంటే నాకూ గర్వమే. మొదటిది 2013 జూలై 1న మన శ్రీహరికోట నుంచే వెళ్లింది. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహం నుంచి, జీపీఎస్ వాడే ఎల్1 ఫ్రీక్వెన్సీ కూడా చేర్చారు, దాంతో మామూలు చిప్‌లలో పెట్టడం తేలికైంది. నావిక్ వల్ల మనకు కలిసొచ్చేది అందుబాటులో ఉండే ఉపగ్రహాల సంఖ్య. ఎత్తైన భవనాల మధ్య అది పనికొస్తుంది. అయినా ఆరుబయట మామూలు ఫోన్‌లో జీపీఎస్‌కు 5 మీటర్ల తేడా సహజం. బాణం ఎప్పుడూ రోడ్డు మధ్యలోనే కనిపిస్తుందంటే, సాఫ్ట్‌వేర్ దాన్ని దగ్గర్లోని రోడ్డు మీదికి లాగి పెడుతోంది కాబట్టి.

అపోహ: మ్యాపు ఒకసారి వేస్తే చాలు

2016 అక్టోబరులో తెలంగాణ 10 జిల్లాల నుంచి 31 అయింది, తర్వాత 33. ఆంధ్రప్రదేశ్ 2022 ఏప్రిల్ 4న 13 నుంచి 26 అయింది. కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచిందే 2020 అక్టోబరులో. అంతకుముందు మ్యాపుతో ఉన్న యూనిట్‌కు ఆ ఫ్లైఓవర్ ఉందనే తెలియదు. ఏడాదికి ఒకసారైనా అప్‌డేట్ చేయించండి. మ్యాపుతోపాటు ఫర్మ్‌వేర్ కూడా, అంటే యూనిట్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్. జీపీఎస్ తేదీని వారాల్లో లెక్క పెడుతుంది, ఆ లెక్క 1024 వారాలకోసారి సున్నాకు తిరుగుతుంది. 2019 ఏప్రిల్ 6న అలా తిరిగినప్పుడు అప్‌డేట్ లేని కొన్ని పాత పరికరాలు ఇరవై ఏళ్ల కిందటి తేదీ చూపించాయి. చోర్ బజార్‌లో పాత యూనిట్ కొనేవాళ్లు ముందు తేదీ చూడాలి.

అపోహ: అద్దానికి అతికించి వదిలేయొచ్చు

మే నెలలో రెంటచింతల ఎండ అందరికీ తెలిసిందే. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు. బ్యాటరీ ఉబ్బి తెర పైకి లేచిన యూనిట్లు ఏటా జూన్‌లో మా షాపుకు వస్తాయి. దిగేటప్పుడు తీసి గ్లవ్ బాక్సులో పెట్టండి, దొంగల భయమూ ఉండదు. తెర ఉబ్బినట్టు అనిపిస్తే నొక్కకండి, చార్జింగ్ పెట్టకండి. యూనిట్‌ను అద్దానికి పట్టించే రబ్బరు కప్పు ఊడిపోతుంటే గోరువెచ్చటి నీళ్లతో కడిగి ఆరబెట్టండి, మళ్లీ పట్టు వస్తుంది.

రెండు చిన్న సంగతులు. మీటరు 100 చూపిస్తే జీపీఎస్ 95 చూపించడం తప్పు కాదు. స్పీడోమీటర్‌ను కంపెనీలు అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపేలా చేస్తాయి. ఇక ఫాస్టాగ్‌లో జీపీఎస్ లేదు, బ్యాటరీయే లేదు. టోల్‌గేట్ యంత్రం రేడియో తరంగం పంపినప్పుడు మాత్రమే అది జవాబిస్తుంది.

అపోహ: మ్యాపు చూపించిందంటే అక్కడ రోడ్డు ఉన్నట్టే

2024 మేలో హైదరాబాద్ నుంచి కేరళ వెళ్లిన నలుగురు రాత్రిపూట మ్యాపు చూస్తూ కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర పొంగుతున్న వాగులోకి కారు దించేశారు. పోలీసులు, ఊరివాళ్లు వాళ్లను కాపాడారు, కారు మునిగిపోయింది. అదే ఏడాది నవంబరులో బరేలీ దగ్గర సగం వరదకు కొట్టుకుపోయిన వంతెన మీంచి కారు పడి ముగ్గురు చనిపోయారు. అప్పుడు వాళ్ల జీపీఎస్ సిగ్నల్ సరిగ్గానే ఉండి ఉంటుంది, బాణం సరైన చోటే ఉండి ఉంటుంది. రాత్రి, వాన, తెలియని ఊరు, ఈ మూడూ కలిస్తే దూరం ఎక్కువైనా హైవే మీదుగానే వెళ్లండని నా దగ్గరికొచ్చే ప్రతి డ్రైవర్‌కూ చెబుతాను.

ఇక కొనేవాళ్లకు. బిగించడం అయ్యాక షెడ్డు కింద నిలబెట్టి "చూడండి సార్, వస్తోంది" అంటే ఒప్పుకోకండి. బండి తీసి ఒక ఐదు కిలోమీటర్లు తిరగండి. ఫోన్ హాట్‌స్పాట్ ఆపేసి కాసేపు, ఏసీ, డ్యాష్‌క్యామ్, చార్జర్ అన్నీ ఆన్ చేసి కాసేపు. యాంటెన్నా ఎక్కడ పెట్టారో అడిగి ఫొటో తీసుకోండి. బిల్లు ఆ తర్వాత కట్టండి.