చుడీదార్ మీద పంచె

తిరువనంతపురం అనంత పద్మనాభస్వామి గుడికి వెళ్లొచ్చిన మన ఆడవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. ఒంటి నిండా పంజాబీ డ్రెస్, మీద చున్నీ. అయినా అలాగే లోపలికి పంపరు. బయట ఒక తెల్ల పంచె కొనుక్కునో అద్దెకు తీసుకునో, ప్యాంటు మీద నడుముకు చుట్టుకోవాలి. అప్పుడే దర్శనం. "మెడ నుంచి మడమ దాకా కప్పుకునే వచ్చాం కదా, ఇంకా ఏం కనిపిస్తోందని?" అని విసుక్కుంటూనే చుట్టుకుంటారు.

2016 నవంబర్ నెలాఖరులో ఆ గుడి ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ చుడీదార్‌ను అలాగే అనుమతించారు. కొందరు భక్తులు ధర్నాకు దిగారు. విషయం కేరళ హైకోర్టుకు వెళ్లింది. ఆచారాలపై ఆఖరి మాట గుడి పూజావిధులకు పెద్ద అయిన ప్రధాన తంత్రిదే, ఆఫీసర్‌కు ఆ అధికారం లేదని డిసెంబర్ 8న కోర్టు తేల్చింది. పంచె మళ్లీ వచ్చింది. దానికి 9 ఏళ్ల ముందే, 2007లో, కేరళలోనే ఉన్న గురువాయూర్ కృష్ణుడి గుడిలో చుడీదార్‌ను అనుమతించినప్పుడూ ఇలాంటి రగడే.

"ఇంకా ఏం కనిపిస్తోందని?" అన్న ప్రశ్నకు జవాబు ఏమిటంటే, అక్కడ గొడవ కనిపించడం గురించి కాదు, కుట్టు గురించి. మన ఇళ్లలో మడి కట్టుకునే నానమ్మలను చూసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. తలస్నానం చేసి, ఎవరూ ముట్టకుండా విడిగా ఆరేసిన బట్ట కట్టుకోవాలి, లేదంటే పట్టుబట్ట. కుట్టిన బట్ట మడికి పనికిరాదు. అందుకే మడిలో ఉన్నప్పుడు రవిక తొడుక్కోని ముసలమ్మలు మొన్నమొన్నటి దాకా ఉన్నారు. ఆ వేషంలో వాళ్లు దేవుడి గదిలో కూర్చుంటే అది పద్ధతి. అదే వేషం ఇవాళ గుడి క్యూలో కనిపిస్తే సెక్యూరిటీ వాళ్లు ఏమంటారో ఊహించుకోవచ్చు. మడి లెక్క వేరు, ఒళ్లు కప్పుకోవడం లెక్క వేరు. ఈ రెండింటినీ ఇప్పుడు మనం "సంప్రదాయ దుస్తులు" అనే ఒకే మూటలో కట్టేశాం.

ఆ మూటలో మూడోది ఇంకొకటి ఉంది, హోదా. పెద్దవాళ్ల ముందుకు వెళ్లేటప్పుడు భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకోవడం పాతకాలం మర్యాద. దేవుడి ముందూ అంతే. అంటే పైబట్ట తీయడమే వినయం. తిరువనంతపురం ఉన్న పాత తిరువాన్కూరు రాజ్యంలో ఇది మొరటుగా, కులాల మెట్ల ప్రకారం నడిచింది. నాయర్ స్త్రీలు నంబూద్రి బ్రాహ్మణుల ముందు, దేవుడి ముందు పైబట్ట తీయాలి. కింది కులంగా చూసిన నాడార్ల స్త్రీలు పై కులాల వాళ్ల ముందు అసలు రొమ్ము కప్పుకోకూడదు. క్రైస్తవంలోకి మారిన నాడార్ స్త్రీలు రవిక లాంటి కుప్పాయం వేసుకోవచ్చని 1814లో ఆ రాజ్యానికి దివానుగా ఉన్న బ్రిటిష్ అధికారి మన్రో ఉత్తర్వు ఇచ్చారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు దాడులు జరిగాయి, ఒంటి మీది బట్టలు చింపేశారు, ఇళ్లు తగలబెట్టారు. మద్రాసు గవర్నర్ ట్రెవెలియన్ ఒత్తిడి మీద 1859 జూలై 26న తిరువాన్కూరు రాజు నాడార్ స్త్రీలందరికీ ఒళ్లు కప్పుకునే హక్కు ఇస్తూ ప్రకటన చేశారు. అందులోనూ ఒక మెలిక పెట్టారు: పై కులాల స్త్రీలు కప్పుకునే తీరులో మాత్రం కప్పుకోకూడదు.

నూటయాభై ఏళ్ల కిందట అదే నేల మీద కప్పుకున్నందుకు కొట్టారు. ఇవాళ "నిండుగా కప్పుకుని రండి" అని బోర్డు పెట్టి, దాన్ని అనాదిగా వస్తున్న ఆచారం అంటున్నారు. ఏ అనాది అన్నది నా సందేహం. పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది. కప్పు కింద మదనికల శిల్పాల్లో ఒక అమ్మాయి బట్టను కోతి లాగుతుంటుంది. దాన్ని చెక్కించిన రేచర్ల రుద్రుడు భక్తుల ధ్యాస చెదురుతుందని బెంగపడినట్టు లేదు.

ధ్యాస చెదరడం అన్న మాట పూజ విషయంలో లేదని కాదు. ఉంది, కానీ అది పూజ చేసేవాడి మనసు గురించి. మనసు నిలవకపోతే తప్పు వాడిదే. దేవుడికి చేసే ఉపచారాల్లో గీతం, నృత్యం కూడా ఉన్నాయి. గుడిలో దేవదాసీలు ఆడి పాడేవారు. ఆడదాని ఒంటిని చూస్తే మగవాడి బుద్ధి చెడుతుందన్న వాదన మన దగ్గర పెద్ద గొంతుతో వినపడింది పందొమ్మిదో శతాబ్దం చివర్లో. పెళ్లిళ్లలో, విందుల్లో భోగంవాళ్లను ఆడించే మేజువాణీల మీద రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 'వివేకవర్ధని' పత్రికలో పోరాడారు. అది సంస్కరణ ఉద్యమం, ఆ ఆడవాళ్ల బతుకుల్లోని దోపిడీ నిజం. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీల చట్టం తెచ్చాక గుడిలో ఆట ఆగిపోయింది. అయితే ఆ ఉద్యమం వదిలి వెళ్లిన నీతి భాష మాత్రం అలాగే ఉండిపోయిందని నాకనిపిస్తుంది. ఇప్పుడు అదే భాష క్యూలో నిలబడ్డ భక్తురాలి మీదికి మళ్లింది.

2015 నవంబర్‌లో మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ ఇచ్చిన ఉత్తర్వు చూడండి. తిరుచ్చి జిల్లాలో ఒక పల్లె గుడి దగ్గర ఆటపాటల కార్యక్రమానికి అనుమతి కావాలని కోర్టుకు వచ్చారు. ఆ కేసులోనే న్యాయమూర్తి తమిళనాడు గుళ్లన్నిటికీ డ్రెస్ కోడ్ పెట్టారు. మగవాళ్లకు పంచె, పైజామా, లేదంటే ఫార్మల్ ప్యాంటు షర్టు. ఆడవాళ్లకు చీర, లంగా ఓణీ, చున్నీతో చుడీదార్. 2016 జనవరి 1న అమల్లోకి వచ్చింది, అదే నెలలో డివిజన్ బెంచ్ ఆపేసింది. ఆ జాబితాలో ప్యాంటు షర్టు కూడా సంప్రదాయమైపోవడం నాకు భలే నచ్చింది. దాన్ని మనకు తెచ్చింది ఇంగ్లీషువాళ్లే కదా.

ఆ తర్వాత వరస మొదలైంది. పూరీ జగన్నాథాలయంలో 2024 జనవరి 1 నుంచి నిక్కర్లు, చిరుగుల జీన్స్, స్కర్టులు, చేతుల్లేని జాకెట్లు బంద్. 2025 జనవరిలో ముంబయి సిద్ధివినాయక ఆలయం కూడా అదే బాట పట్టింది. తోటి భక్తులకు ఇబ్బందిగా ఉందని ఫిర్యాదులు వచ్చాయన్నది అక్కడ చెప్పిన కారణం. మడి ఊసు లేదు, హోదా ఊసు లేదు. పక్కవాళ్ల చూపే కారణం.

సరిగ్గా ఆ రోజుల్లోనే కేరళలో చర్చ మగవాళ్ల వైపు తిరిగింది. గుళ్లో మగవాళ్లు చొక్కా విప్పే ఆచారం ఒంటి మీద జంధ్యం ఉందో లేదో చూడటానికి పుట్టిందని, దాన్ని మానేయాలని 2024 డిసెంబర్ 31న శివగిరి మఠాధిపతి స్వామి సచ్చిదానంద అన్నారు. ముఖ్యమంత్రి పినరయి విజయన్ అదే వేదిక మీద సమర్థించారు. నాయర్ సర్వీస్ సొసైటీ మండిపడింది. మగవాడి చొక్కా లేని ఒళ్లు ఎవరి ధ్యాస చెదరగొడుతుందని మాత్రం ఎవరూ అడగలేదు.

మన దగ్గరికి వస్తే తిరుమలలో లెక్క ఇంకో రకం. ఆర్జిత సేవకు, 300 రూపాయల ప్రత్యేక దర్శనానికి మగవాళ్లకు పంచె కండువా లేదా కుర్తా పైజామా, ఆడవాళ్లకు చీర, లంగా ఓణీ, చున్నీతో చుడీదార్. సర్వదర్శనంలో అంత పట్టింపు ఉండదు. దేవుడూ ఒకడే, రోజూ ఒకటే. నిజంగా ధ్యాస చెదరడమే భయమైతే, గంటల తరబడి వేలమంది కిక్కిరిసి నిలబడే సర్వదర్శనంలోనే కదా ముందు పెట్టాల్సింది! శ్రీశైలంలో స్పర్శదర్శనానికి పంచె, చీర లాంటివి అడగడంలో ఒక తర్కం ఉంది. లింగాన్ని చేత్తో ముట్టుకుంటారు కాబట్టి అది పాత మడి లెక్కే. టికెట్టును బట్టి మారే నియమానికి ఆ లెక్క కుదరదు.

ఇక పంచె కట్టడం రాని కుర్రాళ్ల కోసం వెల్‌క్రో పంచెలు వచ్చాయి. క్యూ దాకా వచ్చాక గుర్తొస్తుంది, జీన్స్ మోకాళ్ల దాకా మడుచుకుని పైన పంచె అంటించుకుంటారు. దర్శనం అయ్యాక లడ్డూ కౌంటర్ దగ్గర పంచె పీకేసి బ్యాగులో కుక్కుకుంటారు.