విడ్జెట్‌లో ఫిల్టర్ చేస్తే డేటా ఫిల్టర్ అయిపోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

"స్లైడర్ జరిపితే టేబుల్ తగ్గింది, సేవ్ చేసిన ఫైల్ తెరిస్తే మాత్రం అన్ని వరసలూ ఉన్నాయి, ఎందుకు?" మాదాపూర్ ఆఫీసులోనూ, అమీర్‌పేటలో వారాంతం చెప్పే పైథాన్ క్లాసులోనూ నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. పైథాన్ కోడ్‌ను సెల్స్‌గా రాసి నడిపే నోట్‌బుక్ జూపిటర్‌లో బగ్ ఉందని, అంతా తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలని ఎవరో ఒకరు చెప్పేస్తారు. అది నమ్మి ఒక పూట పాడుచేసుకోకండి. బగ్ ఏమీ లేదు.

అపోహ: తెర మీద టేబుల్ తగ్గితే నా డేటాఫ్రేమ్ (కోడ్‌లో డేటా ఉండే టేబుల్) కూడా తగ్గినట్టే.

వాస్తవం: తగ్గదు. స్లైడర్లు, బటన్ల లాంటి విడ్జెట్లు ఇచ్చే ఐపీవైవిడ్జెట్స్ లైబ్రరీలోని ఇంటరాక్ట్ మీ ఫంక్షన్‌ను నడిపి, అది రిటర్న్ చేసినదాన్ని సెల్ కింద చూపిస్తుంది. అసలు డేటాఫ్రేమ్ (డీఎఫ్) జోలికి పోదు. ఇంటరాక్ట్‌ను ఒక వేరియబుల్‌కి అసైన్ చేస్తే, అందులోకి వచ్చేది ఫిల్టరైన టేబుల్ కాదు, మీరు రాసిన ఫంక్షనే. కింద సెల్‌లో డీఎఫ్‌నే సీఎస్‌వీగా సేవ్ చేస్తే మొత్తం డేటా వెళ్లిపోతుంది. ఎర్రర్ రాదు. అందుకే ఇది అంత ప్రమాదం.

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి కూకట్‌పల్లి బ్రాంచి అమ్మకాలు పంపాల్సింది, నగరం మొత్తానివి పంపేసింది. మిగతా బ్రాంచిల కస్టమర్ల ఫోన్ నంబర్లు కూడా అందులోనే పోయాయి. "ఫిల్టర్ పెట్టాను అక్కా, స్క్రీన్‌షాట్ కూడా ఉంది" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె చెప్పింది నిజమే. ఫిల్టర్ పెట్టింది, తెర మీద కనబడింది కూడా. చూపించడం వేరు, తిరిగి ఇవ్వడం వేరు అని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఇలాంటిది జరిగితే భయపడి దాచకండి, వెంటనే మేనేజర్‌కి చెప్పండి.

చేయాల్సింది ఇది. ఇంటరాక్ట్ బదులు ఇంటరాక్టివ్ వాడండి. అది ఇచ్చే విడ్జెట్‌ను ఒక పేరుతో ఉంచుకుని డిస్‌ప్లే చేయండి. ఫిల్టరైన డేటా దాని డాట్ రిజల్ట్‌లో దొరుకుతుంది. ఫంక్షన్ లోపల డిస్‌ప్లే ఒక్కటే రాసి రిటర్న్ మరిచిపోతే రిజల్ట్‌లో నన్ (None, అంటే ఏమీ లేదు) ఉంటుంది. రెండూ రాయండి: ముందు డిస్‌ప్లే, తర్వాత రిటర్న్. ఇప్పటికే ఇంటరాక్ట్‌తో రాసేసి ఉంటే, ఆ ఫంక్షన్‌కే డాట్ విడ్జెట్ డాట్ రిజల్ట్ అని అడగవచ్చు.

ఇంతటితో అయిపోలేదు. స్లైడర్ మళ్లీ జరిపితే రిజల్ట్ మారుతుంది కానీ, దాన్ని వాడుకున్న కింది సెల్ తనంతట తాను నడవదు. మారిమో అనే మరో పైథాన్ నోట్‌బుక్‌లో నడుస్తుంది, జూపిటర్‌లో మీరే నడపాలి. అన్ని సెల్‌లనూ వరసగా నడిపే రన్ ఆల్ నొక్కితే ఇంకా మోసం: మీరు స్లైడర్‌ని ముట్టుకోకముందే కింది సెల్ డిఫాల్ట్ విలువతో నడిచిపోతుంది. అందుకే ఎక్స్‌పోర్ట్ చేసే సెల్‌లో సేవ్ లైనుకి ముందు వరసల సంఖ్య ప్రింట్ చేయించి చూడాలని మా టీమ్‌లో పట్టుబడతాను.

అపోహ: గ్రిడ్ విడ్జెట్లలో కాలమ్ హెడర్ దగ్గర పెట్టిన ఫిల్టర్ డీఎఫ్‌కి వర్తిస్తుంది.

వాస్తవం: వర్తించదు. అక్కడా ఫిల్టరైన డేటాను అడిగి తీసుకోవాల్సిందే: ఐపీవైడేటాగ్రిడ్ అనే గ్రిడ్ విడ్జెట్‌లో గెట్ విజిబుల్ డేటాతో, క్యూగ్రిడ్ అనే దానిలో గెట్ ఛేంజ్‌డ్ డీఎఫ్‌తో. క్యూగ్రిడ్‌ను తయారుచేసిన క్వాంటోపియన్ కంపెనీ 2020లోనే మూతపడింది, కొత్త పనికి దాన్ని ఎంచుకోకండి.

అపోహ: యూజర్ ఎంచుకునేదాకా వైల్ లూప్‌తో ఆపి ఉంచవచ్చు.

వాస్తవం: ఆ లూప్ నడుస్తున్నంతసేపూ మీ కోడ్‌ను నడిపే కెర్నల్ బిజీగానే ఉంటుంది, మీ క్లిక్ కబురు దానికి అందదు. లూప్ తీసేసి, బటన్ ఆన్ క్లిక్‌లో పని పెట్టండి.