మ్యూజికల్ స్టేజీ నుంచి పిల్లల టీవీకి: అపోహలు - వాస్తవాలు

మ్యూజికల్ నాటకాల్లో ఆడి పాడి, తర్వాత పిల్లల టీవీ కార్యక్రమాలకు యాంకర్లుగా వచ్చినవాళ్లలో నేనూ ఒకరిని. ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటాయి. వాటిలో కొన్ని పనిని నేరుగా పాడు చేసేవి, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: స్టేజీ మీద అవకాశాలు తగ్గినవాళ్లే పిల్లల టీవీకి వెళ్తారు

సోనియా మంజానో ‘గాడ్‌స్పెల్’ మ్యూజికల్ తొలి బృందంలో నటించారు. అది న్యూయార్క్‌లో మొదలైన 1971 ప్రాంతంలోనే అమెరికా పిల్లల టీవీ కార్యక్రమం ‘సెసమీ స్ట్రీట్’లో మరియా పాత్రకు ఎంపికై, 2015 దాకా అందులోనే ఉన్నారు. నటిస్తూనే స్క్రిప్టులు రాశారు. రచయితల బృందంలో భాగంగా అమెరికా టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ అవార్డులు 15 అందుకున్నారు. లండన్‌లో ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ లాంటి మ్యూజికల్స్‌లో పాడిన ఫ్లోయెల్లా బెంజమిన్ 1976లో బీబీసీ పిల్లల కార్యక్రమం ‘ప్లే స్కూల్’కు వచ్చారు. పిల్లల హక్కుల కోసం పనిచేస్తూ 2010లో బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ సభ్యురాలయ్యారు. 2019లో ‘బ్లూస్ క్లూస్ అండ్ యూ’ అనే అమెరికా పిల్లల కార్యక్రమానికి యాంకర్‌గా కనిపించిన జాషువా డెలా క్రూజ్, న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్ల ప్రాంతం బ్రాడ్‌వేలో ‘అల్లాదీన్’ మ్యూజికల్ బృందంలో ఉన్నవారే. హీరో రాని రోజున ఆ పాత్ర వేయడానికి సిద్ధంగా ఉండే అండర్‌స్టడీ ఆయన. వీళ్ల జీవితాల్లో పిల్లల టీవీ స్టేజీకి దిగువ మెట్టులా నాకు ఎక్కడా కనిపించదు.

అపోహ: పిల్లల కోసం కాబట్టి గొంతు, నవ్వు, చేతులు అన్నీ రెట్టింపు చేయాలి

స్టేజీ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. థియేటర్‌లో మైకు గొంతును మోస్తుంది గానీ ముఖాన్ని మోయదు. ఆఖరి వరుసలో కూర్చున్నవాళ్లకు కూడా కోపమో సంతోషమో తెలియాలంటే ఒళ్లంతా కదలాలి. ఆ అలవాటుతోనే క్లోజప్ షాట్‌లో నిలబడితే, తెర నిండా కనుబొమ్మలు ఎగరేస్తున్న ఓ పెద్ద ముఖం మూడేళ్ల బిడ్డ మీదికి వచ్చి పడుతుంది. బిడ్డ బెదిరిపోతాడు, లేదా అటు చూడటం మానేస్తాడు.

కెమెరా లెన్స్ వెనక ఉన్నది ఒక్క బిడ్డే అనుకోవాలి. “పిల్లలూ, అందరూ రెడీయేనా?” అనే పిలుపులో హాలు నిండా జనం ఉన్నారు. తెర ముందు కూర్చున్న పాపకు ఆ జనం కనిపించరు, తనతో మాట్లాడటం లేదనుకుంటుంది. “నువ్వు రెడీయేనా?” అని అడిగి చూడండి. మీ చూపు, మీ తల వంపు, మీ ఊపిరి అన్నీ వాటంతటవే మారిపోతాయి.

అలాగని స్టేజీ చదువు వృథా అనుకోకండి. ప్రతి అక్షరం స్పష్టంగా పలకడం, వాక్యం మధ్యలో ఊపిరి తెగకుండా చూసుకోవడం, చేతిని ఎత్తినంత శ్రద్ధగా దించడం ఇక్కడ ఇంకా ఎక్కువ కావాలి. తగ్గించుకోవాల్సింది వాల్యూమ్. ఏకాగ్రతను కొంచెం కూడా తగ్గించకూడదు.

అపోహ: ఎదురుగా ప్రేక్షకులు ఉండరు కాబట్టి టెన్షన్ ఉండదు

ఎదురుగా ఎవరూ లేకపోవడమే అసలు కష్టం. పైన చెప్పిన కార్యక్రమానికి మూలమైన, 1996లో మొదలైన ‘బ్లూస్ క్లూస్’లో యాంకర్ స్టీవ్ బర్న్స్ ఎక్కువగా ఖాళీ నీలి తెర ముందు ఒంటరిగా నటించేవారు. కుక్కపిల్ల, కుర్చీ, ఇల్లు అన్నీ తర్వాత యానిమేషన్‌లో వచ్చి చేరేవి. అంతకన్నా గట్టి పరీక్ష, ప్రశ్న అడిగాక పాటించే మౌనం. ఇంట్లో బిడ్డ ఆలోచించి, నోరు తెరిచి, జవాబు చెప్పేదాకా యాంకర్ ఆగాలి.

నాటకంలో జోకు వేశాక మనం ఆగుతాం. హాల్లో నవ్వు లేచి, తగ్గుముఖం పట్టగానే తర్వాతి మాట అందుకుంటాం. ఎప్పుడు అందుకోవాలో ప్రేక్షకులే చెబుతారు. స్టూడియోలో ఆ సంకేతం ఉండదు. కొత్తవాళ్లు మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటారు, ఆ లెక్క కళ్లలో తెలిసిపోతుంది. జవాబును నిజంగా వింటున్నట్టు ఊహించుకోవాలి. బిడ్డ మొదట తప్పు చెప్పి, తర్వాత దిద్దుకుంటే మీ ముఖం ఎలా ఉంటుంది? ఆ ముఖంతోనే ఆగాలి.

‘బ్లూస్ క్లూస్’లో ఒకే ఎపిసోడ్‌ను వరసగా ఐదు రోజులు వేసేవారు. మళ్లీ మళ్లీ చూసినకొద్దీ పిల్లలకు బాగా అర్థమవుతోందని, తెరతో ఎక్కువగా మాట్లాడుతున్నారని దాని మీద జరిగిన పరిశోధనలో తేలింది. అంటే మీరు ఒక్కసారి పాటించిన మౌనం మొదటి రోజు బిడ్డకు ఆలోచించుకునే సమయం ఇస్తుంది, ఐదో రోజు అదే మౌనంలో బిడ్డ గట్టిగా జవాబు చెబుతాడు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే.

అపోహ: గొంతు బాగుంటే ఏ పాటైనా పిల్లలు ఎగబడి పాడతారు

మ్యూజికల్‌లో పాట శ్రుతిని గాయని గొంతు వెలిగే చోటికి మారుస్తారు. ఇక్కడ బిడ్డ గొంతు అందుకునే చోట పెట్టాలి. నాలుగైదేళ్ల పిల్లలు హాయిగా పలికేది చాలావరకు ఐదారు స్వరాల మధ్యే. పురుష గాయకుల సహజ స్థాయి వాళ్లకు మరీ కిందికి ఉంటుంది. మా గొప్ప ఎత్తుగడలు, చివర్లో లాగే పెద్ద స్వరం వాళ్లకు అందవు. నేను బ్రహ్మాండంగా పాడితే బిడ్డ వింటూ ఉండిపోతాడు. నాకు కావలసింది బిడ్డ పాడటం.

అపోహ: చిన్నపిల్లలకు అంత తెలియదులే

అమెరికాలో పేరున్న పిల్లల టీవీ యాంకర్ ఫ్రెడ్ రోజర్స్ మన దారిలో వచ్చినవారు కాదు, సంగీత రచన చదువుకున్నవారు. అయినా ఆయన సంగతి ఒకటి చెప్పుకోవాలి. తన కార్యక్రమంలో చేపలకు మేత వేసేటప్పుడు ఆ మాట పైకి చెప్పేవారు. చూపు లేని ఒక చిన్నారికి, చేపలకు తిండి పెట్టారో లేదో తెలియక దిగులుగా ఉందని ఉత్తరం వచ్చాక మొదలైన అలవాటు అది. టీ కప్పు ఎడమచేతి వైపు నుంచి కుడివైపుకు మారినా, పాటలో మాట తప్పినా పిల్లలు పట్టేస్తారు.

అపోహ: యాంకర్ ఎప్పుడూ నవ్వుతూనే ఉండాలి

‘సెసమీ స్ట్రీట్’లో మిస్టర్ హూపర్‌గా నటించిన విల్ లీ 1982లో చనిపోయారు. ఆ పాత్రను ఇంకొకరితో వేయించకుండా, ఏదో ఊరికి వెళ్లాడని చెప్పకుండా, 1983లో ఒక ఎపిసోడ్‌లో నిజమే చెప్పారు. మిస్టర్ హూపర్ చనిపోయాడని, ఇక తిరిగి రాడని పెద్దవాళ్లు బిగ్ బర్డ్ అనే పెద్ద పక్షి బొమ్మ పాత్రకు చెబుతారు. ఆ పెద్దవాళ్లలో సోనియా మంజానో కూడా ఉన్నారు. స్టేజీ మీద ఏడుపు గొంతులోకి వస్తున్నా పాట ఆగకుండా నడిపించడం మాకు నేర్పేది ఇలాంటి ఘడియలకు పనికొస్తుంది. బాధ కనిపించాలి, అయినా ఈ పెద్ద మనిషి నన్ను చూసుకోగలడన్న ధైర్యం బిడ్డకు ఉండాలి.

సంపాదన గురించి క్లుప్తంగా చెబుతాను. ఇది పర్మనెంట్ ఉద్యోగం కాదు. ఒప్పందం చాలాసార్లు సీజన్ లెక్కన ఉంటుంది. ఎపిసోడ్లన్నీ దగ్గర దగ్గరగా షూట్ చేస్తారు, తర్వాత ఖాళీ. బ్రాడ్‌వే పద్ధతిలో వారానికి ఎనిమిది ప్రదర్శనలకు అలవాటుపడ్డ ఒంటికి ఆ ఖాళీ వింతగా ఉంటుంది. పునఃప్రసారాలకు డబ్బు ఇస్తారా లేదా అన్నది సంతకానికి ముందే చదువుకోండి.

అపోహ: ఆడిషన్‌కు ఓ పెద్ద పాట, అందమైన నవ్వు చాలు

1964లో మొదలైన ‘ప్లే స్కూల్’ ఆడిషన్‌లో బ్రయాన్ కాంట్ అనే నటుడికి అట్టపెట్టె చూపించి, అందులో కూర్చుని సముద్రంలోకి పడవ నడుపుకుంటూ వెళ్లమన్నారు. ఆయన పెట్టెలోకి ఎక్కి తెడ్లు వేశారు, గాలం వేసి కస్టర్డ్‌తో నిండిన రబ్బరు బూటు బయటికి లాగారు. ఏళ్ల తరబడి ఆ కార్యక్రమంలో ఉన్నారు. ఇప్పటికీ ఎంపిక చేసేవాళ్లు వెతికేది దాదాపు అదే, పెట్టెను పడవగా మీరు నమ్ముతున్నారా అని. అందుకే ఆడిషన్‌కు వెళ్లేముందు పక్కవాద్యం లేకుండా ఓ చిన్న పాట, చేతికి దొరికిన ఏదో ఒక వస్తువుతో ఆట, చూడకుండా చెప్పగలిగే ఓ కథ సాధన చేయండి. ఆ కథను మూడేళ్ల బిడ్డకు ఎదురుగా కూర్చుని చెప్పి చూడండి. బిడ్డ ఎక్కడ లేచి వెళ్లిపోతే అక్కడ కథను మార్చుకోండి.