కాగితపు బొమ్మల లూప్ యానిమేషన్: అపోహలు - వాస్తవాలు

కత్తిరించిన కాగితపు బొమ్మను కొద్దికొద్దిగా జరుపుతూ, జరిపిన ప్రతిసారీ ఒక ఫొటో (ఫ్రేము) తీసి, మొదలూ చివరా తెలియకుండా నిరంతరం ఆడే లూప్‌గా మలచడం నా వృత్తి. ఒంగోలులోనూ కావలిలోనూ ఈ పని నేర్చుకోవడానికి వచ్చేవారి మనసులో బలంగా నాటుకుపోయి, పనిని నిజంగా పాడుచేసే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ ఒకేలా ఉంటే లూప్ కుదురుతుంది.

వాస్తవం: అలా చేస్తే ఒకే బొమ్మ వరుసగా రెండుసార్లు కనబడి, ప్రతి చుట్టులోనూ కదలిక తడబడుతుంది. 12 ఫ్రేముల లూప్‌లో మొదటి ఫ్రేముతో సరిపోవలసింది 13వది, దాన్ని లూప్‌లో చేర్చకూడదు.

ఒంగోలు గిత్త లాగే బండిని చేస్తున్నామనుకుందాం. చక్రానికి 12 ఆకులు ఉంటే, ఆకుకూ ఆకుకూ మధ్య 30 డిగ్రీల ఎడం ఉంటుంది. ఆకులన్నీ అచ్చంగా ఒకేలా కత్తిరించి ఉంటే చక్రాన్ని పూర్తిగా తిప్పనక్కరలేదు. ఫ్రేముకు 5 డిగ్రీల చొప్పున తిప్పుకుంటూ పోతే, 7వ ఫ్రేముకు ప్రతి ఆకూ పక్క ఆకు ఉన్న చోటికి చేరుతుంది. అదే ఫ్రేముకు 15 డిగ్రీలు తిప్పితే చక్రం ముందుకు పోతోందో వెనక్కి పోతోందో కన్ను తేల్చుకోలేదు, 30 తిప్పితే అసలు కదలనట్టే ఉంటుంది. గిత్త నడక 12 ఫ్రేములైతే, ఆ వ్యవధిలో 6 ఫ్రేముల చక్రం రెండుసార్లు సరిగ్గా ఇముడుతుంది. బండిని ఒకే చోట ఉంచి, దాని కింద నేలగా పరిచిన కాగితపు పట్టీని ఫ్రేముకు 5 మిల్లీమీటర్లు వెనక్కి లాగితే 12 ఫ్రేములకు 60 మిల్లీమీటర్లు అవుతుంది కనుక, పట్టీ మీది గడ్డి దుబ్బులు 60కో, 30కో, 20కో ఒకసారి పునరావృతం కావాలి. చక్రం జారకుండా దొర్లినట్టు కనబడాలంటే దాని వ్యాసం దాదాపు 115 మిల్లీమీటర్లు ఉండాలి. నేలకు ఆనిన గిట్ట కూడా నేలతోపాటే 5 మిల్లీమీటర్లు వెనక్కి రావాలి. ఎవరి పని చూసినా నేను ముందు చూసేది ఆ గిట్టనే. ఈ లెక్కలన్నీ కత్తెర పట్టకముందే పూర్తి కావాలి.

అపోహ: సెకనుకు 24 ఫ్రేములు తప్పనిసరి.

వాస్తవం: 12 చాలు, కాగితపు బొమ్మకు అదే అందం కూడా. అయితే జిఫ్ ఫైలులో ప్రతి ఫ్రేము నిడివినీ సెకనులో నూరో వంతుల్లోనే చెప్పగలం కాబట్టి, ఒక్కో ఫ్రేముకు 8 వంతులు ఇవ్వండి. వేగం సెకనుకు 12.5 ఫ్రేములు అవుతుంది.

అపోహ: తోలుబొమ్మల నమూనాను కాగితంలో కత్తిరిస్తే సరిపోతుంది.

వాస్తవం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల తోలుబొమ్మలాట మనకు గొప్ప ఆస్తి, ఆకారాలు గీయడానికి దాన్ని మించిన బడి లేదు. కానీ తోలుబొమ్మ కీలు వదులుగా ఊగడమే ఆ ఆటకు జీవం. పైనుంచి కెమెరా చూసే బల్ల మీద అదే వదులు కీలు, చేయి తీసిన మరుక్షణం భంగిమను చెడగొడుతుంది. కీలు బిగువుగా ఉండి, పెట్టిన చోట నిలవాలి. మోచేతి దగ్గర రెండు ముక్కల చివరలనూ రంధ్రం కేంద్రంగా గుండ్రంగా కత్తిరించకపోతే, చేయి మడిచినప్పుడు మూలలు బయటికి పొడుచుకొస్తాయి. 1926లో నీడబొమ్మల పూర్తి నిడివి చిత్రాన్ని అందించిన జర్మన్ కళాకారిణి లోటే రైనిగర్, బొమ్మలు బల్లకు అతుక్కుని ఉండేందుకు నల్లని అట్టతోపాటు పలుచని సీసపు రేకును కూడా వాడారు. సీసం విషపదార్థం కనుక మనం దాని జోలికి పోవద్దు, 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువుండే) అట్ట చక్కగా పనిచేస్తుంది.

అపోహ: వెలుతురు తేడాలను తర్వాత కంప్యూటర్‌లో సరిదిద్దుకోవచ్చు.

వాస్తవం: మామూలు వీడియోలో మెల్లగా తగ్గే వెలుతురును కన్ను పట్టించుకోదు. లూప్‌లో మాత్రం ఆ తేడా అంతా పోగై, చివరి ఫ్రేము నుంచి మొదటిదానికి మళ్ళే ప్రతిసారీ తెర ఒక్కసారిగా మెరిసినట్టవుతుంది. కిటికీలు మూసి, ఫోనులో ఎక్స్‌పోజరు (వెలుతురు మోతాదు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) మూడింటినీ లాక్ చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక, దీపాల మినుకు ఫొటోల్లోకి రాకుండా షట్టరు వేగాన్ని సెకనులో 50వ వంతు దగ్గరో 100వ వంతు దగ్గరో ఉంచండి. తీయడం పూర్తయ్యాక పరీక్ష కోసం 13వ ఫ్రేము కూడా తీసి, మొదటిదాని పక్కన పెట్టి పోల్చి చూసి, ఆపై తొలగించండి.

కంప్యూటర్ అసలే సరిదిద్దలేనిది కాగితపు ముడుత. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో కాగితం తేమ పీల్చుకుని అంచులు లేస్తాయి, అంచు లేస్తే నీడ మారుతుంది. అందుకే బొమ్మలను రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచి, ఉదయాన్నే ఫ్యాను ఆపి, మొత్తం లూప్‌ను ఒకే విడతలో తీయాలి. సగం ఈరోజు, సగం రేపు అనుకుంటే నీడలు కలవవు.